ములమ్మా ఏది, మజ్బూతీ ఏది? మన సడక్ మీద చక్రం తారీఖ్



ఈమధ్య మన ఇళ్లల్లో నికా మాట ఖాయమైతే చాలు, వెనకే కారు మాట కూడా వస్తోంది. సూర్యాపేట అయినా, కోదాడ అయినా, మిర్యాలగూడ అయినా ఇదే తీరు. గల్ఫ్‌లో పదేళ్లు ఎండలో నిలబడి దాచిన పైసలో, పొలం అమ్మిన పైసలో చేతిలో ఉంటాయి. పెట్రోల్ ధర చూసి "హైబ్రిడ్ తీసుకుందాం, మైలేజీ బాగుంటది" అని పెద్దలు తీర్మానిస్తారు. అంతవరకు అఖల్‌మందీ మాటే. తర్వాత ఎవరో ఒక మామూ ఫోన్‌లో ఫోటో చూసి అంటాడు: "క్యా భాయ్, ప్లాస్టిక్ కప్పులదా? అల్లాయ్ వీల్స్ లేవా? లోగ్ క్యా కహేంగే!"

ఆ ఒక్క మాటతో కింది వేరియంట్ పక్కకు పోయి పై వేరియంట్ ముందుకొస్తుంది. ధర లక్ష పైనే మారుతుంది. జోడే కీ రఖం, జహేజ్ అనే బలాలు ఇంకా వదలని ఇళ్లలో ఆ లక్ష భారం ఎవరి మీద పడుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఆడపిల్ల తండ్రి మీదే.

కనుక ఈ ప్లాస్టిక్ కప్పు, అల్లాయ్ వీల్ తగాదాను తేలిగ్గా తీసుకోవద్దు. దీని వెనక ఒక తారీఖ్ ఉంది. చక్రంలో బరువు మోసేది ఒకటి, కంటికి కనిపించేది ఇంకొకటి. ఉర్దూలో బంగారు పూతను ములమ్మా అంటారు. లోపల రాగి ఉన్నా పైకి సోనా లాగా మెరిసేది. మన ఇలాకా సడక్ మీద నాలుగు వందల ఏళ్లుగా తిరిగిన చక్రాలను వరుసగా చూస్తే, ములమ్మా ఏదో మజ్బూతీ ఏదో మనకే తెలుస్తుంది.

చక్రం ఓడిపోయిన దారి

కుతుబ్‌షాహీల జమానాలో గోల్కొండకు సముద్రపు దర్వాజా మచిలీపట్నం. ఇరాన్ సౌదాగర్లు దిగిందీ, మన బట్టలు ఓడలెక్కిందీ అక్కడే. గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే షాహీ దారి ఒకటి మన నల్లగొండ ఇలాకా మీదుగానే వెళ్లేది. ఫ్రాన్స్ దేశపు రత్నాల సౌదాగర్ తావెర్నియే 17వ శతాబ్దంలో ఈ దారిన ప్రయాణించాడు. 1676లో పారిస్‌లో అచ్చయిన తన సఫర్‌నామాలో మజిలీల పేర్లు రాసుకున్నాడు. ఫ్రెంచి నోట్లో పడి పేర్లు వంకర తిరిగినా పంతంగి, పానగల్లు మనం గుర్తుపట్టేలాగే ఉన్నాయి. హైదరాబాద్ పోతూ ఇవాళ మనం టోల్ కట్టే పంతంగి అదే.

ఆ దారి గురించి తావెర్నియే ఒక అజీబ్ సంగతి చెప్పాడు. ఇటువైపు బండి చక్రం నడవడమే కష్టమట. గుట్టలు, చెరువులు, వాగులు, ఇరుకు కనుమలు. వజ్రాల గనుల దాకా ఒక చిన్న బండి వెంట తీసుకెళ్లాడు కానీ, చెడ్డ చోట్లు వచ్చినప్పుడల్లా దాన్ని ముక్కలుగా విప్పి దాటించాల్సి వచ్చింది. అందుకే ఈ దారిలో బండ్లకు బదులు సరుకు మోసే ఎద్దులు, గుర్రాలు, మనుషులు మోసే పల్లకీలే ఎక్కువ.

అంటే అప్పట్లో సరుకు రవాణా అంతా కాళ్ల మీదే. లంబాడీల ఎద్దుల కాఫిలాలు కోస్తా నుంచి ఉప్పు మోసుకొచ్చేవి, ఇక్కడి ధాన్యం మోసుకుపోయేవి. అమీర్లు పల్లకీల్లో పోయేవారు. పల్లకీకి ఎన్ని జలతారు కుచ్చులు వేలాడదీసినా మోసేది బోయీల భుజమే. కనిపించేది జలతారు, బరువు మోసేది భుజం. చక్రం సంగతీ ఇదే.

మంటలో బిగిసిన పట్టా

దారులు చదునయ్యాక ఎద్దుబండి మన ఇలాకాకు రాజు అయింది. ఆ చక్రాన్ని చూసినవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. నానా ఉంటే నానాను, దాదీ ఉంటే దాదీని అడిగి చూడండి.

నడుమ గట్టి కర్రతో కుండ. దానిలోంచి బయటికి ఆకులు. ఆకుల చివర వంపు తిరిగిన చెక్కలు. వాటి చుట్టూ ఇనుప పట్టా. కర్ర పని వడ్రంగిది, ఇనుము పని కమ్మరిది. పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కొంచెం తక్కువ కొలతతో చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. కాలిన ఇనుము పెరుగుతుంది. అప్పుడు నలుగురు పట్టకారులతో పట్టుకుని చక్రం మీద కూర్చోబెట్టి, వెంటనే నీళ్లు గుమ్మరిస్తారు. పట్టా ముడుచుకుని చెక్కలన్నిటినీ ఒక్కటిగా బిగిస్తుంది. మేకు లేదు, జిగురు లేదు. ఇనుము ఎంత పెరుగుతుంది, ఎంత తగ్గుతుంది అన్న లెక్క ఆ కారీగర్ కళ్లలోనే ఉండేది. కాగితం మీద రాయని సైన్సు అది.

ఈ హునర్‌లో మన బిరాదరీ వాటా నాల్‌బందీ. ఎద్దుల డెక్కలకు, గుర్రాల డెక్కలకు నాడాలు కొట్టేవాడు నాల్‌బంద్. కంకర సడక్ మీద బరువు లాగే ఎద్దుకు నాడా లేకపోతే డెక్క అరిగిపోతుంది. ఎద్దును తాడుతో పడుకోబెట్టి, దానికి నొప్పి తగలకుండా మేకు దించడం అందరికీ రాదు. వడ్రంగి, కమ్మరి, నాల్‌బంద్, ఈ ముగ్గురి చేతులు కలిస్తేనే బండి కదిలేది.

జాన్‌పహాడ్ సైదులు ఉర్స్‌కు, దురాజ్‌పల్లి గొల్లగట్టు జాతరకు కుటుంబాలకు కుటుంబాలు బండ్లు కట్టుకుని పోయేవి. ఎద్దుల కొమ్ములకు రంగులు, మెడలో గజ్జెలు, బండికి గుడ్డ కప్పు. అదీ జీనతే, అలంకారమే. కానీ ఎవరూ చక్రాన్ని మాత్రం కప్పలేదు. చక్రం తెరిచి ఉండాలి. ఆకు వదులైందా, పట్టా జారుతోందా, ఇరుసుకు కందెన తగ్గిందా అన్నది బండివాడికి ప్రతి మజిలీలో కనబడాలి.

ఇదే చక్రం జులుం కూడా మోసింది. నిజాం జమానాలో ఊరికి దొర వచ్చినా, అధికారి వచ్చినా బండి వెట్టికి కట్టాల్సిందే. వడ్రంగి, కమ్మరి కూలి లేకుండా దొర పనిముట్లు చేయాల్సిందే. 1946లో మొదలైన తెలంగాణ సాయుధ పోరాటానికి సూర్యాపేట ఇలాకా ఒక పెద్ద కేంద్రమైందంటే, వెట్టి కింద నలిగిన ఈ చేతుల కోపం కూడా అందులో ఉంది.

టైర్ అంటే చక్రానికి లిబాస్

ఇంగ్లీషులో టైర్ అనే మాట 'అటైర్' నుంచి వచ్చిందని భాషా పండితులు చెబుతారు. అటైర్ అంటే దుస్తులు, లిబాస్. చక్రానికి తొడిగిన లిబాస్ కాబట్టి టైర్. మొదట అది ఇనుప పట్టాకే పేరు. రబ్బరు తర్వాత వచ్చింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టర్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్ సాఫీగా నడవాలని గాలి నింపిన రబ్బరు టైర్ చేశాడు. అదే పేరు మన పల్లెల దాకా వచ్చింది. ఇనుప పట్టా పోయి రబ్బరు చక్రాలు వచ్చిన ఎద్దుబండిని కొందరు టైరు బండి అన్నారు, కొందరు డన్‌లప్ బండి అన్నారు. అదే జత ఎద్దులు ఇంకా ఎక్కువ బరువు లాగగలిగాయి.

చూడండి, ఈ లిబాస్ ఒట్టి దిఖావా కాదు. ఇది రాయిని ఓర్చుకుంటుంది, ఎద్దు మెడకు ఆరామ్ ఇస్తుంది. పైన కనిపించే ప్రతిదీ ములమ్మా కాదన్న మాట. పని చేసే పైతొడుగు వేరు, పనిలేని పైపూత వేరు. ఈ తేడా గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

మన షెడ్డుల్లో రోజూ వినిపించే ఇంకో మాట స్టెప్నీ. 'స్టెప్నీ దింపు', 'స్టెప్నీలో గాలి ఉందా' అంటాం. ఇది ఒక వీధి పేరు. బ్రిటన్‌లోని వేల్స్‌లో లనెల్లీ అనే ఊరుంది. 1904లో ఆ ఊరి స్టెప్నీ స్ట్రీట్‌లో డేవిస్ అన్నదమ్ములు టైరుతో సహా ఒక ఖాళీ రింగు తయారు చేశారు. దానికి నడుమ ఆకులు ఉండవు. పంక్చర్ అయిన చక్రానికి పక్కన ఈ రింగును బిగిస్తే బండి ఇంటికి చేరుతుంది. ఇంగ్లండ్‌లో ఆ మాట దాదాపు మాయమైంది. మన దగ్గర మాత్రం ఉస్తాద్ నోటా, చోటూ నోటా ఇంకా జిందా ఉంది.

పట్నాల్లో మనవాళ్లకు అన్నం పెట్టింది జట్కా. తెలుగు కథల్లో జట్కా సాయిబు పాత్ర ఊరికే రాలేదు. గుర్రం మేత, నాడా, చక్రం, అన్నీ అతని లెక్కే. ఇత్తడి బిళ్లలు, రంగు అద్దాలు అతని షౌఖ్. కానీ సవారీ ఎక్కేవాళ్లు గుర్రం బలం చూసి ఎక్కేవారు, అద్దాలు చూసి కాదు.

తక్కువ తిరిగిన చక్రం, ఎక్కువ తిరిగిన చక్రం

హైదరాబాద్ రియాసత్‌లో రెండు మోటారు బండ్ల కథ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఒకటి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ చేసిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. తఖ్త్ లాంటి సీటు, పసుపు రంగు, వెండి సామాను. కారు చేతికి రాకముందే, 1911లో ఆయన ఇంతెఖాల్ అయ్యారు. ఆ కారు ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ దగ్గరికి వచ్చింది. ఊరేగింపులకు తప్ప బయటికి తీసేవారు కాదు. వందేళ్లలో అది తిరిగింది కొన్ని వందల మైళ్లేనని చెబుతారు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు.

రెండోది ఆల్బియన్ బస్సు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. స్కాట్లాండ్ కంపెనీ ఆల్బియన్ బండ్లు. వాటికి అలంకారం ఏమీ లేదు. ఇనుప చక్రం, రబ్బరు టైరు, దుమ్ము. ఆ 27 బస్సులే పెరిగి పెరిగి, 1958లో ఏపీఎస్ఆర్టీసీ అయ్యి, ఇవాళ మన ఆడపిల్లలను కాలేజీకి తీసుకెళ్తున్న ఎర్రబస్సు దాకా వచ్చాయి.

సూర్యాపేట ఊళ్లోకి నేటికీ రైలు రాలేదు. కోదాడ కూడా రైలు ఊరు కాదు, సడక్ ఊరు. మిర్యాలగూడకు రైలుంది కానీ దాని నసీబ్‌ను మార్చింది లారీ. కాబట్టి మన మూడు ఊళ్లకూ రోజీరోటీ రబ్బరు చక్రం మీదే తిరిగింది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ ఫౌజీ బండ్లు కోదాడ, సూర్యాపేట దాటి హైదరాబాద్ వైపు సాగింది కూడా ఈ సడక్ మీదే. మన బుజుర్గులకు ఆ చక్రాల చప్పుడు చాలాకాలం చెవుల్లో ఉండిపోయింది.

లాక్ రింగ్ ముందు కూర్చున్న మనిషి

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ఇలాకాలు పచ్చబడ్డాయి. వరి వచ్చింది, వరి వెంట మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట లారీలు వచ్చాయి. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చాక లారీలు ఇంకా పెరిగాయి. లారీ వచ్చిన చోటికి షెడ్డు వచ్చింది. వెల్డింగు, బ్యాటరీ, టింకరింగ్, పేంటింగ్, రేడియేటర్, పంక్చర్. బోర్డుల మీద పేర్లు చదువుకుంటూ పోతే మన బిరాదరీ వాటా ఎంతో తెలుస్తుంది. నాతో ఉర్దూ మీడియం స్కూల్లో చదివినవాళ్లలో ఎంతోమంది ఆ షెడ్డుల్లోనే ఉస్తాద్‌ల దగ్గర పానాలు అందిస్తూ పని నేర్చుకున్నారు.

లారీ టైరు పంక్చర్ అంటే సైకిల్ ట్యూబుకు అతుకు వేయడం కాదు. పాత రకం లారీ రిమ్ ఒకే ముక్క కాదు. టైరు ఎక్కించాక అంచున ఒక ఇనుప రింగు బిగిస్తారు. దాన్నే లాక్ రింగ్ అంటారు. అది గాడిలో సరిగ్గా కూర్చోకుండా గాలి ఎక్కిస్తే, లోపలి ఒత్తిడికి రింగు తుపాకీ గుండులా ఎగురుతుంది. అలా ప్రాణాలు పోయినవాళ్లు, చేతులు విరిగినవాళ్లు దునియా అంతటా ఉన్నారు. అందుకే తెలిసిన ఉస్తాద్ గాలి కొట్టేటప్పుడు రింగుకు ఎదురుగా నిలబడడు. సుత్తితో చుట్టూ తట్టి, చప్పుడు విని, రింగు కూర్చుందో లేదో చెబుతాడు.

ఆ చెవి ఎన్నేళ్లకు తయారవుతుందో ఆలోచించండి. మరి ఇవాళ సోషల్ మీడియాలో మన పిల్లలను ఎగతాళి చేయాలంటే కొందరికి దొరికే మొదటి మాట 'పంక్చర్'. హలాల్ మెహనత్‌ను గాలీగా మార్చేశారు. 2006లో సచ్చర్ కమిటీ తన రిపోర్టులో ముస్లిం కార్మికులు ఎక్కువగా ఉన్న పనుల్లో మోటారు బండ్ల రిపేరునూ, రోడ్డు రవాణానూ లెక్కగట్టింది. కమిటీ చెప్పిన అస్లీ దర్ద్ పని చిన్నదని కాదు. ఆ పనికి వెనక బ్యాంకు లోను లేదు, సర్టిఫికెట్ లేదు, పింఛను లేదు అని.

మూత నుంచి మెరుపు దాకా

ఇప్పుడు కారు చక్రం దగ్గరికి వద్దాం. చక్రం మీది కప్పు మొదట అందం కోసం పుట్టలేదు. ఇరుసు చివర గ్రీజు ఉంటుంది. అది బయటికి కారకుండా, దుమ్ము లోపలికి పోకుండా ఒక చిన్న మూత పెట్టారు. మన అంబాసిడర్ చక్రం నడుమ మెరిసే చిన్న గిన్నె గుర్తుందా? 2014లో ఆ కారు ఉత్పత్తి ఆగేదాకా మన కళ్లకు కారు చక్రం అంటే అదే. స్టీల్ చక్రం, నడుమ గిన్నె. తర్వాత ఆ గిన్నె పెద్దదై చక్రం మొత్తాన్ని కప్పింది. మొదట లోహం, తర్వాత ప్లాస్టిక్. 1983 డిసెంబర్‌లో మారుతీ 800 వచ్చాక కారు మధ్యతరగతి ఇంటికి చేరింది. దాని వెంటే, నల్లటి స్టీల్ చక్రాన్ని తక్కువ ఖర్చుతో అందంగా చూపే ప్లాస్టిక్ కప్పు కూడా బజారుకెక్కింది.

అల్లాయ్ వీల్ పుట్టింది వేరే చోట. 1924లో బుగాటీ కంపెనీ తన టైప్ 35 రేసు కారుకు అల్యూమినియం పోత చక్రాలు బిగించింది. ఉద్దేశం అందం కాదు. చక్రం తేలిక కావాలి, బ్రేకు వేడి త్వరగా చల్లారాలి. తర్వాత రేసు కార్లకు ఇంకా తేలికైన మెగ్నీషియం చక్రాలు వచ్చాయి. రోడ్డు కార్లకు ఇవాళ ఎక్కువగా వాడే మిశ్రమంలో అల్యూమినియంతో పాటు సుమారు 7 శాతం సిలికాన్, కాస్త మెగ్నీషియం ఉంటాయి. రేసులో సెకన్ల కోసం పుట్టిన చక్రం షాదీఖానా ముందు నిలబడే కారుకు జేవర్‌గా మారింది.

అల్లాయ్ చెడ్డదని నేను అనను. మంచి కంపెనీ అల్లాయ్ గుండ్రదనంలో పక్కాగా ఉంటుంది, తుప్పు పట్టే బాధ తక్కువ, వేడి త్వరగా వదులుతుంది. కానీ అల్లాయ్ అయితే తప్పక తేలిక అనుకోవడం ఖరా మాట కాదు. సైజు పెద్దదైతే బరువూ పెరుగుతుంది. సైజు పెరిగిన కొద్దీ టైరు పక్కగోడ పలచబడుతుంది. వానాకాలం గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్‌కే. స్టీల్ చక్రం సాధారణంగా వంగుతుంది. చిన్న వంపయితే మన ఉస్తాద్ సుత్తితో సరిచేసి పంపిస్తాడు. అల్లాయ్ పగుళ్లు పడుతుంది. దానికి ప్రత్యేకమైన వెల్డింగు, లేత్ మెషీన్ కావాలి, చాలాసార్లు కొత్తది కొనడమే క్షేమం. డైమండ్ కట్ అని మెరిసే రకానికి గీత పడితే పై పూత కింద తేమ చేరి మచ్చలు పాకుతాయి. ప్లాస్టిక్ కప్పు పగిలితే? నాలుగు కప్పుల సెట్ ధర ఒక అల్లాయ్ ధరలో చిన్న ముక్క.

హైబ్రిడ్ చెప్పిన ఉలటా పాఠం

అసలు తమాషా ఇక్కడుంది. ప్లాస్టిక్ కప్పు గరీబుది, అల్లాయ్ అమీరుది అనుకుంటున్నాం కదా? హైబ్రిడ్ కారును దునియాకు అలవాటు చేసిన టొయోటా కంపెనీ ఏం చేసిందో చూడండి. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో ప్రియస్ విడుదలైంది. 2003లో వచ్చిన రెండో తరం ప్రియస్‌కు అల్లాయ్ చక్రాలు ఇచ్చి, వాటి మీద ప్లాస్టిక్ కప్పులు బిగించింది! అల్లాయ్‌ను దాచిపెట్టి ప్లాస్టిక్‌ను చూపించింది. ఎందుకు? గాలి కోసం.

కారు వేగంగా పోతుంటే గాలి అడ్డుకుంటుంది. ఆ అడ్డులో దాదాపు నాలుగో వంతు చక్రాలు, వాటి గూళ్ల వల్లే అని ఇంజనీర్ల అంచనా. ఆకుల సందుల్లో గాలి సుడులు తిరుగుతుంది. చదునైన కప్పు ఉంటే గాలి సాఫీగా జారిపోతుంది. మరి బ్రేకు వేడెక్కదా? హైబ్రిడ్‌లో బ్రేకు తొక్కగానే చాలావరకు మోటారే జనరేటర్‌గా మారి వేగాన్ని కరెంటుగా చేసి బ్యాటరీలో దాస్తుంది. బ్రేకు పళ్లేనికి రాపిడి తక్కువ, వేడి తక్కువ. కాబట్టి చక్రాన్ని కప్పినా నుక్సాన్ లేదు. పూర్తి కరెంటు కారైన టెస్లా మోడల్ 3 కూడా ఇదే దారిన అల్లాయ్ మీద ప్లాస్టిక్ కప్పుతో వచ్చింది.

లెక్క కూడా వినండి. 2023 ప్రియస్‌లో కింది వేరియంట్‌కు 17 అంగుళాల చక్రాలు, వాటి మీద కప్పులు. పై వేరియంట్లకు 19 అంగుళాల పెద్ద అల్లాయ్‌లు. అమెరికా సర్కారీ లెక్కల ప్రకారం మొదటిది గ్యాలన్‌కు 57 మైళ్లు, రెండోవి 52 మైళ్లు. మన లెక్కలో లీటరుకు సుమారు 24 కిలోమీటర్లు, 22 కిలోమీటర్లు. ఇంజను అదే, బ్యాటరీ అదే. తేడాకు పెద్ద కారణాల్లో ఒకటి ఆ పెద్ద చక్రాలు. మైలేజీ కోసం హైబ్రిడ్ కొని, ఆ మైలేజీనే తినే పెద్ద చక్రానికి అదనంగా లక్ష కట్టడం ఎక్కడి అఖల్‌మందీ?

2022లో హైరైడర్, గ్రాండ్ విటారా, సిటీ హైబ్రిడ్, ఆ ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్ వరసగా వచ్చాక ఈ ప్రశ్న మన గడప దాకా వచ్చింది. బజారులో దొరికే ప్రతి ప్లాస్టిక్ కప్పూ గాలిని కోస్తుందని అనుకోవద్దు. సందులు సందులుగా అల్లాయ్ వేషం వేసుకున్న కప్పు ఒట్టి ములమ్మానే. గాలి కోసం గీసిన కప్పు మాత్రం డన్‌లప్ టైరు లాగా పనిచేసే లిబాస్. అలాగే ఎద్దుబండి పట్టా లాగా బరువు మోసే అల్లాయ్ మజ్బూతీ. షాదీఖానా ముందు ఫోటో కోసం సైజు పెంచిన అల్లాయ్, ఎంత ఖరీదైనదైనా ములమ్మానే. ధర చూసి కాదు, పని చూసి ఫైసలా చేయాలి.

కారు కొనేవాళ్లకూ, పిల్లల్ని పెంచేవాళ్లకూ

2012 చివరికి హైదరాబాద్–విజయవాడ సడక్ నాలుగు లైన్లయింది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, మూడు చోట్ల టోల్. తావెర్నియే బండిని ముక్కలుగా విప్పించిన ఇలాకాలో ఇవాళ కారు వంద స్పీడు దాటి పోతోంది. ఆ స్పీడులో మన ప్రాణం నిలిపేది చక్రం మెరుపు కాదు. టైరులో గాలి, టైరు వయసు, బిగించిన నట్లు, తిన్నగా ఉన్న అలైన్‌మెంట్. షోరూంలో ముందు ఇవి అడగండి. టైరు సైజు ఎంత? కొత్త టైరు ధర ఎంత? స్టెప్నీ ఉందా, ఉంటే మిగతా నాలుగింటి సైజే ఉందా? రిమ్ పగిలితే కోదాడలో దొరుకుతుందా, విజయవాడ పోవాలా? ఆ తర్వాత అల్లాయ్ మాట. పెళ్లికొడుకు తరఫువాళ్లకు అల్లాయ్ షౌఖ్ ఉంటే, ఆ షౌఖ్ వాళ్ల జేబుతోనే తీర్చుకోవాలి. ఆడపిల్ల తండ్రిని అడగడం చక్రానికి ములమ్మా కాదు, ముఖానికి మసి.

ఇంకో ఫికర్ నన్ను వదలడం లేదు. వడ్రంగి చేతిలోని లెక్క టైరు బండితో పోయింది. నాల్‌బంద్ హునర్ ట్రాక్టర్‌తో పోయింది. జట్కా ఆటోతో పోయింది. ఇప్పుడు సుత్తితో రిమ్ సరిచేసే ఉస్తాద్ వంతు. అల్లాయ్‌కు టైరు విప్పాలంటే గీత పడకుండా మెషీన్ కావాలి. హైబ్రిడ్ బానెట్ కింద నారింజ రంగు తీగల్లో వందల వోల్టుల కరెంటు ఉంటుంది. చెవితో విని, చేత్తో తడిమి నేర్చుకునే పని కాదది. ట్రైనింగ్ లేకుండా ముట్టుకుంటే మౌత్‌తో ఆట. కంపెనీ సర్వీస్ సెంటర్ సర్టిఫికెట్ అడుగుతుంది. మన షెడ్డులో ఇరవై ఏళ్ల తజుర్బా ఉంది, సర్టిఫికెట్ లేదు.

ఐటీఐల్లో మోటార్ మెకానిక్ ట్రేడ్‌తో పాటు ఎలక్ట్రిక్ బండ్ల ట్రేడ్ కూడా వచ్చింది. ఉస్తాద్ దగ్గర సాయంత్రం, ఐటీఐలో పగలు, రెండూ కలిస్తే మన పిల్లవాడి చేతికి ఎదురుండదు. మస్జిద్ కమిటీలు, బైతుల్‌మాల్ నడిపే పెద్దలు జుమా తర్వాత పది నిమిషాలు ఈ సంగతి మాట్లాడితే చాలు. ఒక టైరు మెషీన్ కొనడానికి ఒక ఉస్తాద్‌కు ఖర్జ్-ఎ-హసనా ఇవ్వొచ్చు, ఒక యతీమ్ పిల్లవాడి రెండేళ్ల ఫీజు, బస్ పాస్ కట్టొచ్చు. ఒక నికాలో పై వేరియంట్ వద్దనుకుంటే మిగిలే సొమ్ముతో అయ్యే పని ఇది.

మీ ఇంట్లో కారు మాట వచ్చినప్పుడు ఈ తారీఖ్ కాస్త గుర్తు చేయండి. షోరూంకు పోయే ముందు మీ గల్లీ పంక్చర్ షాపు ఉస్తాద్‌కు సలాం చెప్పి, ఏ చక్రం మన సడక్‌కు ఓర్చుకుంటుందో ఆయన్నే అడగండి. రోజూ విరిగిన చక్రాలు చూసే మనిషి ఆయన.